బీరువా వెనక నల్ల మచ్చలు

పిల్లలూ,

వానాకాలం వచ్చిందంటే మన విశాఖలో ఏ ఇంట్లో చూసినా ఇదే గోల. బీరువా తెరిస్తే ముక్కిపోయిన వాసన, నాన్న బెల్టు మీద తెల్లటి నూగు, బాత్రూం మూలల్లో నల్ల చుక్కలు. ఇల్లు సరిగ్గా తుడవకపోవడం వల్లే అనుకుంటారేమో, కాదు. రోజుకు రెండుసార్లు తుడిచే ఇంట్లోనూ బూజు పడుతుంది.

బూజు ఒక శిలీంధ్రం, అంటే ఫంగస్. దాని సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లాంటి సన్నని కణాలు, కంటికి కనపడకుండా గాలిలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. వాటిని ఆపడం ఎవరివల్లా కాదు. తిండికీ కొదవ లేదు: చెక్క, కాగితం, తోలు, గంజి పెట్టిన చీర. ఇక కావలసింది చెమ్మ ఒక్కటే. ఇంట్లో గాలి తేమ 60 శాతం లోపు ఉంటే మంచిదంటారు. సముద్రం పక్కన ఉంటూ వానాకాలంలో అది ఎక్కడ సాధ్యం! అందుకే మచ్చ కనిపించగానే బ్రష్షు కోసం పరుగెత్తకండి. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో ముందు చూడండి.

రాత్రంతా ఏసీ వేసిన గదిలో గోడలు చల్లబడి ఉంటాయి. పొద్దున్నే కిటికీలు తెరిస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు, తేమగాలి ఆ గోడలకు తగిలి నీరవుతుంది. బీరువాను గోడకు ఆనించి పెడితే వెనక గాలి ఆడదు, ఆ నీరు ఆరదు. నాలుగు వేళ్లు పట్టేంత జాగా వదలమని ఇంట్లో చెప్పండి. వాన పడుతుండగా కిటికీలు తెరిస్తే గది ఆరదు, తెరిపి ఇచ్చి ఎండ వచ్చినప్పుడు బార్లా తీయాలి. స్నానం, వంట అయ్యాక మాత్రం వాన ఉన్నా సరే, ఎగ్జాస్ట్ ఫ్యాను ఇంకో పావుగంట తిరగనివ్వండి.

గోడ అడుగున తెల్లగా పొడిలా రాలుతున్నదల్లా బూజు కాదు. దానిమీద రెండు నీటి చుక్కలు వేసి చూడండి. కరిగిపోతే అది ఉప్పు. గోడలోకి ఎక్కిన నీరు ఆరిపోతూ ఇటుకల్లోని, సిమెంటులోని లవణాలను పైకి తెస్తుంది. బూజయితే కరగదు, తడిసి అణిగిపోతుంది. ఏదైనా సరే, లీకేజీ ఆపకుండా మీద రంగు కొట్టిస్తే డబ్బు దండగ. కొన్నాళ్లకే పెచ్చులు ఊడతాయి.

బూజును పొడిగా దులపకూడదు. దులిపితే ఆ బీజాలన్నీ గదంతా ఎగిరి మన ముక్కుల్లోకే వస్తాయి. మాస్కు, గ్లౌజులు వేసుకుని, సబ్బునీళ్లతో తడిపి రుద్ది, గుడ్డతో తుడిచేసి, ఫ్యాను కింద బాగా ఆరనివ్వాలి. టైల్సుకు, గాజుకు ఇది చాలు. బ్లీచింగ్ జోలికి మీరు వెళ్లకండి, అది పెద్దల పని. వాళ్లకు కూడా ఈ మాట చదివి వినిపించండి: బ్లీచింగ్‌లో టాయిలెట్ కడిగే యాసిడ్ గానీ, వెనిగర్ గానీ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. తలుపు మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. రెండూ కలిపితే ఇంకా బాగా పోతుందన్న సలహా ఎవరిచ్చినా వినొద్దు.

తడిసిన పరుపూ పుస్తకాలూ ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు ఖాయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్యాను లేకుండా ఏది ఆరుతుంది?

అన్నట్టు, బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు పురుగులకే, బూజుకు పనిచేయవు. వానాకాలం దాచే చీరలకు గంజి పెట్టకపోవడమే మేలు.

మీ వంతు పని చిన్నదే. తడి సాక్సులు బూట్లలో కుక్కొద్దు, రెయిన్‌కోటు మడిచి బ్యాగులో పెట్టొద్దు. బ్రెడ్డు ఒక ముక్క మీద బూజు కనిపిస్తే ప్యాకెట్ మొత్తం పారేయండి, వాసన కూడా చూడొద్దు. ఆస్తమా ఉన్న తమ్ముడో చెల్లో ఉంటే గోడలు కడిగే రోజు పక్కింటికి పంపండి. మచ్చ తలుపులో సగం కన్నా పెద్దగా ఉంటే ఎవరూ ముట్టుకోవద్దు. పని తెలిసినవాళ్లను పిలిపించమనండి.

మీ తాతయ్య
విశాఖపట్నం