క్రాస్‌బోతో తొలి సీజన్ జింకల వేట: పిల్లలను వెంట తీసుకెళ్లే తల్లిదండ్రులకు ఉండే అపోహలు, అసలు వాస్తవాలు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జింకల ఆర్చరీ సీజన్ (విల్లు, క్రాస్‌బోలతో వేటాడే కాలం) సాధారణంగా సెప్టెంబరు చివరి శనివారం మొదలై ఫిబ్రవరి తొలి వారం దాకా సాగుతుంది. కొలంబస్ పరిసరాల్లో స్థిరపడిన నేను కొన్నేళ్లుగా వేట భద్రత తరగతుల్లో స్వచ్ఛందంగా బోధిస్తున్నాను. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు వచ్చినప్పటి నుంచి ఆమెతో కలిసే అడవికి వెళ్తున్నాను. ఆగస్టు వచ్చేసరికి మన తెలుగు కుటుంబాల నుంచి కూడా ప్రశ్నలు మొదలవుతాయి. అడిగేవారు మారినా, ప్రశ్నల వెనుక ఉన్న అపోహలు మాత్రం దాదాపు ఒకటే.

అపోహ: క్రాస్‌బో అంటే చప్పుడు చేయని తుపాకీ. అందువల్ల దూరం నుంచి కూడా కొట్టవచ్చు.

వాస్తవం: పిడి, ట్రిగ్గరు, స్కోపు ఉండటం వల్ల చూపులకు తుపాకీలా కనిపిస్తుంది గాని, పని తీరులో అది విల్లే. 400 గ్రెయిన్ల (సుమారు 26 గ్రాముల) బాణం సెకనుకు 400 అడుగుల వేగంతో వెళ్లినా, దాని శక్తి 142 ఫుట్-పౌండ్లకు మించదు. జింకల వేటకు వాడే 12 గేజ్ షాట్‌గన్ స్లగ్గుకు (ఒంటి పెద్ద గుండుకు) 2,000 ఫుట్-పౌండ్ల పైమాటే. ఆ బాణం 40 గజాలు చేరేలోపు సుమారు ఒకటిన్నర అడుగులు కిందికి జారుతుంది. స్కోపులోని గీతలు ఆ జారుడును సరిదిద్దుతాయి, అయితే దూరాన్ని మనం సరిగ్గా కొలిచినప్పుడు మాత్రమే.

అసలు చిక్కు ధ్వనితో వస్తుంది. నారి వదిలిన చప్పుడు 40 గజాల దూరంలోని జింక చెవికి సెకనులో పదో వంతులో చేరితే, బాణం చేరడానికి దానికి మూడింతల సమయం పడుతుంది. ఆ మధ్యలో మిగిలే సెకనులో ఐదో వంతులోనే, బెదిరిన జింక గెంతడానికి ముందు కాళ్లు ముడుచుకుని కిందికి వంగుతుంది. ఊపిరితిత్తులకు గురిపెట్టిన బాణం వీపు పైభాగాన తగలడమో, పూర్తిగా తప్పిపోవడమో జరుగుతుంది. 20 గజాల దగ్గర ఆ వ్యవధి సగమే. అందువల్ల మా అమ్మాయికి నేను పెట్టిన హద్దు 25 గజాలు. సాధనలో 40 గజాల లక్ష్యాన్ని ఆమె నాకంటే బాగానే కొడుతుంది, అయినా హద్దు మారదు. లక్ష్యానికి చెవులుండవు.

అపోహ: లాగడానికి బలం అక్కర్లేదు కాబట్టి పిల్లల చేతికి నిశ్చింతగా ఇచ్చేయవచ్చు.

వాస్తవం: నారిని లాగి పట్టుకునే శ్రమ లేదు గాని, ఎక్కుపెట్టే శ్రమ ఉంది. నేటి క్రాస్‌బోల లాగుడు బరువు ఎక్కువగా 150 నుంచి 200 పౌండ్ల మధ్య ఉంటుంది. కొక్కేల తాడుతో లాగితే అందులో సగం బరువే చేతులపై పడుతుంది, అదీ పదేళ్ల పిల్లకు మించిన పనే. తిప్పే క్రాంకు ఉంటే తేలిక. మా ఇంట్లో ఎక్కుపెట్టేది నేనే, బాణం పెట్టేదీ నేనే. మా అమ్మాయి గురి చూసి సిద్ధమని చెప్పిన తరువాతే సేఫ్టీ తీస్తాం.

బొటనవేలి సంగతి ఒక్కటి తప్పకుండా నేర్పాలి. పిడిని కింద నుంచి పట్టుకున్న చేతి వేళ్లు నారి పరుగెత్తే పట్టా అంచుకు పైకి రాకూడదు. వస్తే నారి వాటిని తీవ్రంగా గాయపరుస్తుంది, వేలు తెగిపోయే ప్రమాదమూ ఉంది. చిన్న చేతులకు పిడి వెడల్పుగా అనిపించి వేళ్లు వాటంతటవే పైకి పాకుతాయి. బాణం లేకుండా వదిలితే ఆ శక్తి అంతా వింటి బద్దల్లోకే తిరిగి వెళ్లి అవి పగిలిపోవచ్చు. సాయంత్రం వేట ముగిశాక ఎక్కుపెట్టిన నారిని దించడానికి, ఆ సౌకర్యం ఉన్న క్రాంకు లేకపోతే, మామూలు మొన ఉన్న బాణాన్ని వెంట తెచ్చుకున్న చిన్న లక్ష్యంలోకి వదలాలి. ఎక్కుపెట్టిన క్రాస్‌బోను కారులో పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

గుడారపు బ్లైండ్‌లో (జింకలకు కనబడకుండా దాక్కునే చిన్న గుడారంలో) కూర్చునేవారికి మరొక మాట. స్కోపు బాణం కంటే రెండు మూడు అంగుళాల పైన ఉంటుంది కనుక, కిటికీలోంచి జింక స్పష్టంగా కనిపించినా బాణం కిటికీ అంచు గుడ్డకు తగిలి దారి తప్పుతుంది. మా తొలి సీజన్‌లో నేనే ఈ తప్పు చేశాను. గుడ్డ చిరిగింది, జింక క్షేమంగా వెళ్లిపోయింది. ఇప్పుడు కూర్చోగానే బాణం మొన కిటికీ బయటికి వచ్చిందా, వింటి బద్దలకు అటూ ఇటూ చోటు ఉందా అని ముందు చూసుకుంటాం.

అపోహ: మంచె ఎక్కితేనే వేట.

వాస్తవం: చెట్టు మంచె మీద నుంచి చూపు బాగా సాగుతుందన్నది నిజమే. అయితే పిల్లలతో వెళ్లినప్పుడు నేల మీది బ్లైండే నయం. కదలికలు దాగుతాయి, పడిపోయే భయం ఉండదు. మంచె ఎక్కక తప్పకపోతే, కాళ్లు నేలను వదిలిన క్షణం నుంచి తిరిగి తాకేదాకా శరీరమంతా పట్టే హార్నెస్ చెట్టుకు కట్టి ఉండాలి, క్రాస్‌బోను బాణం లేకుండా, ఎక్కుపెట్టకుండా తాడుతో పైకి లాక్కోవాలి.

అపోహ: సీజన్ మొదట్లో జింకలకు మనిషి భయం ఉండదు, కాబట్టి పిల్లలకు అది సులువైన సమయం.

వాస్తవం: సులువన్న మాట సగమే నిజం. సెప్టెంబరు చివర్లో తెల్లతోక జింకలు పడక నుంచి మేతకు, మేత నుంచి పడకకు చాలావరకు ఒకే బాటలో తిరుగుతాయి. నవంబరులో జత కోసం మగజింకలు పిచ్చెత్తినట్టు తిరిగే రోజులతో పోలిస్తే వాటి రాకపోకలను అంచనా వేయడం తేలిక. కానీ మేత మారితే బాట మారుతుంది. పచ్చగా ఉన్న సోయాచిక్కుడు ఆకు పసుపు రంగుకు తిరగగానే జింకలు ఆ పొలాన్ని వదిలేస్తాయి, తెల్ల ఓక్ చెట్ల కాయలు రాలడం మొదలైతే వారం క్రితం నిండుగా కనిపించిన పొలం గట్టు ఖాళీ అవుతుంది. అందుకే వేటకు ముందు వారాంతం మేము క్రాస్‌బో లేకుండా, కేవలం చెట్ల కింద రాలిన కాయలు చూడడానికే వెళ్తాం. పిల్లలకు అదే అసలైన చదువని నా అభిప్రాయం, ఆ రోజు వాళ్లు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు కూడా.

ఆకులు ఇంకా రాలకపోవడం మరొక అడ్డంకి. వేలి మందం రెమ్మ తగిలినా బాణం పక్కకు పోతుంది. మూడేళ్ల క్రితం ఒక ఆడజింక 18 గజాల దూరంలో పది నిమిషాలు మేసింది. "నాన్నా, ఇప్పుడు వేయనా?" అని మా అమ్మాయి గొణిగిన ప్రతిసారీ "ఆగమ్మా, కొమ్మ అడ్డం ఉంది" అన్నాను. కొమ్మ దాటి వచ్చేసరికి చట్టం అనుమతించిన సమయం, అంటే సూర్యాస్తమయం తరువాతి అరగంట, ముగిసిపోయింది. ఇంటికి వచ్చేదాకా ఆమె నాతో మాట్లాడలేదు. నా నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

పొద్దు వాలాక చల్లబడిన గాలి వాలు వెంబడి పల్లానికి దిగుతూ మన వాసనను కూడా మోసుకుపోతుంది కనుక, సాయంత్రం జింకలు వచ్చే బాటకు ఎగువన కూర్చుంటే ఎంత నిశ్శబ్దంగా ఉన్నా ప్రయోజనం లేదు. ఇక దోమలు, పేలవంటి చిన్న జింక పిడుదులు ఈ నెలల్లో విపరీతం. లైమ్ వ్యాధిని అంటించేవి ఆ పిడుదులే. బట్టలకు ముందురోజే పెర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి ఆరబెట్టాలి, అది ఒంటికి రాసుకునేది కాదు. ఇంటికి రాగానే పిల్లల మోకాళ్ల వెనుక, చంకల్లో, తలలో వెతకాలి.

అపోహ: బాణం తగిలితే జింక అక్కడికక్కడే పడిపోతుంది.

వాస్తవం: సాధారణంగా పడదు, ఈ మాట పిల్లలకు ముందే చెప్పాలి. తుపాకీ గుండులా బాణం దెబ్బకు అదురు ఉండదు, పదునైన అంచులు రక్తనాళాలను కోయడం వల్ల రక్తం పోయి జింక చనిపోతుంది. రెండు ఊపిరితిత్తులను చీల్చిన బాణం తరువాత కూడా అది వంద గజాలు పరుగెత్తవచ్చు. పూర్తిగా పక్కకు తిరిగి నిలబడినప్పుడో, కొంచెం మనకు అవతలి వైపు మళ్లినప్పుడో మాత్రమే వేయాలి.

దెబ్బ తరువాతి అరగంట పెద్దలకే కష్టం, పిల్లలకు చెప్పనక్కర్లేదు. ఆ సమయంలో నేను మా అమ్మాయి చేత జింక నిలబడిన చోటు, చివరిసారి కనిపించిన చెట్టు, విన్న చప్పుళ్లు కాగితం మీద రాయిస్తాను. ఆ తరువాత బాణాన్ని వెతుకుతాం. నురుగుతో కూడిన లేత ఎరుపు రక్తం ఊపిరితిత్తులది, అరగంట తరువాత కదలవచ్చు. ముదురు ఎరుపు కాలేయానిది, నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. ఆకుపచ్చ మడ్డి, దుర్వాసన ఉంటే పేగులకు తగిలినట్టు, ఎనిమిది గంటల పైన ఆగాలి. తొందరపడి వెంటపడితే పడుకున్న జింక లేచి చాలా దూరం పోతుంది.

వెచ్చటి రాత్రి ఎనిమిది గంటలు ఆగితే మాంసం పాడయ్యే ప్రమాదం ఎక్కువ. సెప్టెంబరు వేటలో తప్పు గురికి చెల్లించే మూల్యం డిసెంబరు వేటలో కంటే ఎక్కువన్నది ఇందుకే. ఇంత వివరంగా చెప్తే పిల్లలు బెదిరిపోరా అని ఒక తల్లి నన్ను అడిగారు. బెదిరిన పిల్లలను ఆ ఏడాది తీసుకెళ్లవద్దని చెప్పాను.

అపోహ: అమెరికాలో ఎవరైనా ఎక్కడైనా వేటాడవచ్చు, లేదా, వీసా మీద ఉన్నవారు అసలు వేటాడకూడదు.

వాస్తవం: రెండూ తప్పే. సమాఖ్య తుపాకుల చట్టంలో ఆయుధ నిర్వచనం పేలుడు పదార్థంతో పనిచేసే వాటికి వర్తిస్తుంది కనుక క్రాస్‌బో అందులోకి రాదు, వేట లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. వీసా విషయంలో సందేహం ఉంటే న్యాయవాదిని అడగండి. రాష్ట్రాల నియమాలు ఒక్కలా ఉండవు: ఒరెగాన్‌లో క్రాస్‌బో వేట నిషిద్ధం, విస్కాన్సిన్‌లో 2014 నుంచి దానికి ప్రత్యేక సీజనే ఉంది. ఒహాయోలో ప్రైవేటు భూమిలోకి వెళ్లాలంటే యజమాని రాతపూర్వక అనుమతి కావాలి. శిక్షణ పూర్తి కాని పిల్లలు అప్రెంటిస్ లైసెన్సుతో, 21 ఏళ్లు నిండి లైసెన్సు ఉన్న పెద్దవారి తోడుతో వేటాడవచ్చు. తోడు అంటే ఏ సాధనమూ లేకుండా చూపుకు, మాటకు అందేంత దగ్గర. పక్క గుట్ట మీద కూర్చుని ఫోనులో సందేశాలు పంపడం తోడు కాదు.

అపోహ: ఇండియాలో నేరమైనది ఇక్కడ మాత్రం ఎలా ఒప్పు అవుతుంది? వేటతోనే జింకలు అంతరించిపోతాయి.

వాస్తవం: ఈ ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. తెలంగాణ రాష్ట్ర జంతువు జింక, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని వేటాడితే జైలే. అక్కడి జింకల స్థితికి ఆ చట్టం అవసరం. ఒహాయోలోనూ అదుపులేని వేట, అడవుల నరికివేత వల్ల 1904 నాటికి జింక అన్నదే లేకుండా పోయింది. మళ్లీ సంతతి పెరిగి, 1943లో మూడు కౌంటీల్లో మాత్రమే వేటకు అనుమతి ఇచ్చారు, నేడు మొత్తం 88 కౌంటీల్లోనూ జింకలు ఉన్నాయి. అంటే అంతరింపజేసిందీ వేటే, అదుపులో పెట్టాక వాటితో కలిసి సాగుతున్నదీ వేటే. విల్లులు, క్రాస్‌బోల మీద వసూలయ్యే 11 శాతం ఎక్సైజ్ పన్ను, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ద్వారా రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతుంది. ఇంత చెప్పినా ప్రాణం తీయడం ఇష్టం లేదనేవారితో నాకు వాదన లేదు, మా ఇంట్లోనే మా అమ్మకు ఇది నచ్చదు.

అపోహ: అడవి మాంసం కాబట్టి ఏ పరీక్షా అక్కర్లేదు.

వాస్తవం: జింకలకు సోకే క్రానిక్ వేస్టింగ్ వ్యాధి ఒహాయో అడవి జింకల్లో తొలిసారి 2020 చివర్లో వయండాట్ కౌంటీలో బయటపడింది. మనుషులకు సోకిన దాఖలా లేదు. అయితే దానికి కారణమైన ప్రయాన్ (వికృతమైన ఒక ప్రోటీన్) వంటతో నశించదు, వ్యాధి తేలిన జింకను తినవద్దని ఆరోగ్య అధికారుల సలహా. కంటికి ఆరోగ్యంగా కనిపించిన జింకలోనూ అది ఉండవచ్చు. జింక దొరికిన అరగంటలోనే పేగులు తీసి, లోపల మంచు సంచులు పెట్టి, 4 డిగ్రీల సెల్సియస్ దిగువకు చల్లబరుస్తాం. మర్నాడు మధ్యాహ్నం 12 లోపు చేయవలసిన గేమ్ చెక్ (వేటాడిన జింక వివరాల) నమోదు మా అమ్మాయే చేస్తుంది. ఆ వ్యాధి భయం ఉంది కనుక, వెన్నెముకను కోయకుండా ఎముక నుంచి మాంసం విడదీసి, మెడ గ్రంథుల నమూనా పరీక్షకు పంపుతాం. ఫలితం వచ్చేదాకా ఆ పొట్లాలు తేదీ, కౌంటీ పేరు రాసిన పెట్టెలో, ఫ్రీజర్ అడుగు అరలో విడిగా ఉంటాయి.