పది మంది కొడుకుల మంత్రం, ఇద్దరు పిల్లల చట్టం

మన పెళ్లిళ్లలో పురోహితులు చదివే మంత్రాల్లో ఇంద్రుడికి పెట్టే విన్నపం ఒకటుంది. "దశాస్యాం పుత్రానాధేహి, పతిమేకాదశం కృధి." ఈమెకు పది మంది కొడుకుల్నివ్వు, మొగుణ్ణి పదకొండోవాణ్ణి చెయ్యి అని. ఋగ్వేదం పదో మండలంలోది. పంతులుగారు మైకులో ఇది చదువుతున్నప్పుడు పెళ్లికూతురు ఫొటోగ్రాఫర్ చెప్పినట్టు గడ్డం ఎత్తే పనిలో ఉంటుంది. అర్థం తెలిస్తే తలంబ్రాల దాకా ఆగుతుందో లేదో! ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7 అని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి.

ఈ దూరం ఎలా వచ్చిందో చూడాలంటే ముందు పాత నమ్మకాన్ని కాస్త దగ్గరగా చూడాలి. "అపుత్రస్య గతిర్నాస్తి", అంటే కొడుకు లేనివాడికి గతి లేదు అన్న మాట చదువు రాని ఇళ్లలోనూ తెలుసు. పున్నామ నరకం నుంచి తప్పించేవాడు కనుక పుత్రుడు అని మనుస్మృతి చెప్పింది. చిత్రమేమిటంటే అదే తొమ్మిదో అధ్యాయంలో ఇంకో మాట కూడా ఉంది: పితృఋణం తీర్చే పెద్ద కొడుకే ధర్మం వల్ల పుట్టినవాడు, మిగతావాళ్లు కామం వల్ల పుట్టినవాళ్లు. అంటే శాస్త్రం లెక్కన ఒక్కడు చాలు. ఈ శ్లోకాన్ని ఎవరూ పెళ్లిలో చదవరు లెండి.

అసలు ఎక్కువ మందిని కనడం వెనక శాస్త్రం కంటే చావు భయం ఎక్కువ. మన ఊళ్లలో పెంటయ్య, పుల్లయ్య, పుల్లమ్మ అనే పేర్లు ఎందుకున్నాయో పాతవాళ్లను అడగండి. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీదో, ఎంగిలి విస్తళ్ల మీదో ఒకసారి పడుకోబెట్టి తెచ్చుకునేవారు. దేవుడికి వద్దనిపించేలా పేరు పెడితే బతుకుతాడని ఆశ. ఆరుగురిని కంటే ముగ్గురు మిగిలే రోజుల్లో "నారు పోసినవాడు నీరు పోయడా" అనడం సోమరితనం కాదు, ధైర్యం చెప్పుకోవడం. ఇదే ధైర్యం ఇతర మతాల్లోనూ కనిపిస్తుంది. పేదరికానికి భయపడి పిల్లల్ని చంపకండి, వాళ్లకూ మీకూ తిండి పెట్టేది మేమే అంటుంది ఖురాన్. గర్భఫలం యెహోవా ఇచ్చే బహుమానం అంటుంది బైబిలు కీర్తన. 1968లో పోప్ ఆరో పాల్ కృత్రిమ గర్భనిరోధం వద్దని లేఖ రాస్తే ప్రపంచమంతా కేథలిక్కుల్లో వాదన రేగింది. 2021లో కేరళలోని పాలా కేథలిక్ మేత్రాసనం (బిషప్ పాలనలోని చర్చి ప్రాంతం) అయిదుగురు, అంతకు మించి పిల్లలున్న కుటుంబాలకు నెలకు 1,500 రూపాయలు ఇస్తామంది.

సర్కారు సంగతి వేరే. 1952లోనే దేశం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. గోడల మీద ఎర్ర త్రికోణం, "ఇద్దరు లేక ముగ్గురు చాలు" అన్న రాతలు వచ్చాయి. ఎమర్జెన్సీలో మగవాళ్లకు బలవంతపు వేసెక్టమీలు (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు) జరిగాక భారం పూర్తిగా ఆడవాళ్ల మీద పడింది. మన ఇళ్లలో "ఆపరేషన్ అయిపోయింది" అంటే ఏ ఆపరేషనో ఎవరూ అడగరు, రెండో కాన్పుతోనే అయిపోయిందని అర్థం. మొదట చెప్పిన ఆ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లు ఒక్క శాతం కూడా లేరు.

చట్టం 1994లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచి, వార్డు మెంబరు పదవులకు పనికిరారు. ఏడాది వెసులుబాటు ఇచ్చి 1995 నుంచి అమలు చేశారు. హర్యానాలో ఇలాంటి నిబంధన మీదే జావేద్ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. మా మతం నాలుగు పెళ్లిళ్లకు ఒప్పుకుంటుంది, పిల్లల్ని కనడం దానిలో భాగం, ఇది మత స్వేచ్ఛకు అడ్డం అని ముస్లిం పిటిషనర్ల తరఫున వాదించారు. మతం ఒకదాన్ని అనుమతించడం వేరు, తప్పనిసరి చేయడం వేరు అని 2003లో కోర్టు తేల్చి చట్టాన్ని నిలబెట్టింది. తర్కం వరకు బాగానే ఉంది. నాకు మింగుడుపడనిది వేరే విషయం. మూడో బిడ్డ కావాలా వద్దా అన్నది ఆ ఇంట్లో ఎవరు తేలుస్తున్నారు? ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో మాజీ ఐఏఎస్ అధికారి నిర్మలా బుచ్ చేసిన అధ్యయనంలో బయటపడినవి ఇవీ: పదవి కోసం భార్యను వదిలేసిన భర్తలు, బిడ్డను దత్తత ఇచ్చేసినవాళ్లు, అసలు బిడ్డ మాది కాదన్నవాళ్లు. మగపిల్లాడి కోసం మూడోసారి కనమన్నదీ అత్తింటివాళ్లే, సీటు పోయాక తిట్లు తిన్నదీ ఆ కోడలే.

ఇప్పుడు గాలి తిరిగింది. 1971 జనాభా లెక్కల మీద ఆగిపోయిన లోక్‌సభ సీట్ల పంపకం మళ్లీ కదిలితే పిల్లలు తగ్గిన దక్షిణాదికి నష్టమని టెన్షన్. 2024 అక్టోబరులో ఎక్కువ మందిని కనమని చంద్రబాబు నాయుడు పిలుపునిచ్చారు. అదే నెలలో స్టాలిన్ ఒక సామూహిక వివాహ వేదికపై, పదహారు సంపదలు కలగాలన్న తమిళ దీవెనను గుర్తుచేసి ఇక పదహారు మంది పిల్లల్నే కనాలేమో అని చమత్కరించారు. నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది. అలా 30 ఏళ్ల తర్వాత ముగ్గురు పిల్లల తల్లి కూడా సర్పంచిగా నిలబడొచ్చు. ఇరవై రెండేళ్లకే ఆపరేషన్ చేయించుకున్నామె మాత్రం ఈ వార్తను టీవీలో వింటూ అన్నం వడ్డిస్తుంటుంది.

2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు బహుమతి ప్రకటించారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేల రూపాయలు, మగపిల్లాడైతే ఆవు, దూడ.