పై ముక్కలు ఎందుకు దిగలేదంటే

చిన్నోడికీ, అమ్మాయికీ,

కొత్త బ్లెండర్లో మామిడి ముక్కలు కుక్కి నొక్కితే అడుగువి గుజ్జయ్యాయి, పైవి కదల్లేదని ఫోన్లో చెప్పారు కదా. "అంత మోత చేస్తా పని చెయ్యదేంది తాతా?" అని చిన్నోడి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే.

మీరు కళ్లం చూళ్లేదు. నా చిన్నప్పుడు కోవూరు పక్క మా పొలాల్లో మొలకొలుకులనే రకం వరి పండేది. కోతలయ్యాక కళ్లంలో వరి పరిచి, ఎద్దుల్ని వరసగా బంతి కట్టి గుండ్రంగా తోలేవాళ్లు. కాళ్ల కింద నలిగిన గడ్డి అంచులకు జారుతుంది. ఒకాయన పంగలకర్రతో దాన్ని ఎత్తి మళ్లీ లోపలికి తోస్తుండాలి. ఆయన చుట్ట ముట్టించుకుని కూర్చున్నాడా, ఎద్దులు నలిగిన గడ్డినే నలుపుతుంటాయి. నా ఉద్యోగం వేరే. ఎద్దు తోక లేపగానే గుప్పెడు గడ్డి పట్టుకుని పరుగెత్తి, పేడ గింజల మీద పడకుండా పట్టాలి. నవ్వకండి, ఒడుపు లేకపోతే కుదరదు.

మీ బ్లేడు ఆ ఎద్దుల బంతే. అందిన ముక్కల్ని కోసి గోడకు విసిరేసింది. చిక్కటి గుజ్జు జారి వెనక్కి రాలేదు. బ్లేడు చుట్టూ గాలి మిగిలింది. మోత ఉన్నట్టుండి కీచుగా మారిందంటే అది ఉత్త గాల్లో తిరుగుతోందనే. పంగలకర్ర మనిషి ఎవరంటే, పాలు! కాసిని పోస్తే అవి గోడ వెంబడి పైకెక్కి, నడుమకు మళ్లి, ముక్కల్ని వెంటబెట్టుకుని దిగుతాయి. బ్లెండర్ గ్లాసు లోపల నిలువు గట్లు ఉంటాయి, తడిమి చూడండి. అవి లేకపోతే అంతా కలిసి గిర్రున తిరుగుతుందే గాని నడుమకు మళ్లదు.

అసలీ యంత్రం పుట్టిందే పాల కోసం. సోడా అంగళ్లలో మాల్టు పాలు కలపడానికి అమెరికాలో స్టీఫెన్ పొప్లావ్‌స్కీ అనే ఆయన అడుగున బ్లేడు పెట్టి, 1922లో పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నాడు.

ఎద్దులకు నడుమ నడుమ నీళ్లు చూపించేవాళ్లం. మీరూ కాసేపు నొక్కి వదలండి, చిన్న మోటారు ఊరికే వేడెక్కుతుంది. గడ్డి తినకుండా ఎద్దు మూతికి చిక్కం కూడా కట్టేవాళ్లు. బ్లెండర్లో చిక్కం ఏదంటే... సరే, అది వదిలేద్దాం. వేడి చారు, వేడి పప్పు మాత్రం అందులో పొయ్యొద్దు. మూత బిగించాక ఆవిరికి దారుండదు, తెరిస్తే మొహాన చిమ్ముతుంది. బ్లేడు కడిగే పని అమ్మది. ప్లగ్గు పీకకుండా చెయ్యి పెట్టేవాణ్ణి ధైర్యవంతుడని ఎవరూ అనరు.

మా దగ్గరున్న బ్లెండర్ పెట్టె మీద నిమిషానికి 20,000 చుట్లని రాసుంది. అంటే సెకనుకు మూడు వందల పైమాటే. ముక్కలు పడితే తగ్గుతుందనుకోండి. అయినా ఎద్దుల వెనక తిరిగిన నా బుర్రకు ఆ లెక్క అందదు, చూస్తూ కూర్చోవడమే.

రేపు అమ్మను పక్కన పెట్టుకుని, సగం గ్లాసు నీళ్లలో నాలుగు పుదీనా ఆకులు వేసి ఒక్కసారి నొక్కి వదలండి. పైనుంచి కాదు, పక్కనుంచి చూడాలి. నీళ్ల నడుమ గుంట పడుతుంది. అది బ్లేడు దాకా దిగిందా, సగంలోనే ఆగిందా, ఆకులు ఎటునుంచి ఎటు వెళ్లాయో ఇద్దరూ విడివిడిగా రాసి పంపండి. ఒకరిది చూసి ఒకరు రాయొద్దు.

మీ తాత