చర్యలో నీటి వాటా

నీలిరంగు మైలుతుత్తం (రాగి సల్ఫేట్) పలుకులను పరీక్షనాళికలో వేసి సన్నని మంటపై వేడిచేస్తే, కాసేపటికి నాళిక మూతి దగ్గరి చల్లని గాజుపై నీటి బొట్లు పేరుకుంటాయి, అడుగున తెల్లని పొడి మిగులుతుంది. చేతికి పొడిగానే తగిలే ఆ పలుకుల బరువులో దాదాపు 36 శాతం నీరే. చల్లారిన పొడిపై ఒక్క చుక్క నీరు వేస్తే నీలిరంగు తిరిగి వస్తుంది, నాళిక వెచ్చబడుతుంది. నీటి అణువులు రాగి అయానును చుట్టి బంధాలు ఏర్పరచుకోవడం వల్లే ఆ రంగు, ఆ వేడి.

ఇక్కడ నీరు చేరినా నీరుగానే ఉంది, వేడిచేస్తే బయటికి వచ్చేస్తుంది. పొడిసున్నం సంగతి వేరు. 56 గ్రాముల పొడిసున్నం 18 గ్రాముల నీటిని తీసుకొని, సలసల కాగుతూ, 74 గ్రాముల తడిసున్నంగా మారేటప్పుడు నీటి అణువు చీలి హైడ్రాక్సైడ్‌గా మిగులుతుంది కనుక, ఎంత ఎండబెట్టినా ఆ 18 గ్రాములు తిరిగి రావు. రప్పించాలంటే సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చాలి. సిమెంటు ఆరి గట్టిపడుతుందని వాడుకలో అంటాం గాని, నిజానికి అది నీటితో చర్య జరిపి గట్టిపడుతుంది. నీటి అడుగున పోసిన కాంక్రీటు కూడా బిగుసుకునేది అందుకే.

నీటికి స్థిరమైన స్వభావం లేదనిపిస్తుంది. హైడ్రోజన్ క్లోరైడ్ ఎదురైతే ప్రోటాన్‌ను (హైడ్రోజన్ అయానును) పుచ్చుకొని క్షారంగా, అమ్మోనియా ఎదురైతే ప్రోటాన్‌ను ఇచ్చి ఆమ్లంగా ప్రవర్తిస్తుంది. సోడియం నుంచి ఎలక్ట్రాన్లు తీసుకొని హైడ్రోజన్ వాయువును వదులుతుంది. ఫ్లోరిన్ ముందు మాత్రం తానే ఎలక్ట్రాన్లు కోల్పోతుంది, అప్పుడు వెలువడేది ఆక్సిజన్. ఇన్ని పనులు చేసే పదార్థాన్ని ‘ద్రావణి’ (ఇతర పదార్థాలను కరిగించుకునేది) అనే ఒక్క మాటతో సరిపెట్టడం అన్యాయమే.

నీటి నుంచి ఎలక్ట్రాన్లు లాగడం ఫ్లోరిన్‌కు సులువు, తక్కినవాటికి కష్టం. ఆ కష్టమైన పనిని ఆకులు సూర్యకాంతి సాయంతో, నాలుగు మాంగనీసు పరమాణువులూ ఒక కాల్షియం పరమాణువూ ఉన్న చిన్న గుచ్ఛంతో సాధిస్తాయి. మొక్కలు వదిలే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచి వస్తుందని చాలాకాలం భావించారు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్, వారి సహచరులు బరువైన ఆక్సిజన్-18 కలిసిన నీటిని ఆకుపచ్చని శైవలాలకు (నాచుకు) అందించి చూడగా, వెలువడిన వాయువులో ఆ బరువైన ఆక్సిజన్ వాటా నీటిలో ఉన్నంతే కనిపించింది. కార్బన్ డయాక్సైడ్‌లోని ఆక్సిజన్ చక్కెరలోకి, చర్య చివర కొత్తగా పుట్టే నీటిలోకి వెళుతుంది; గాలిలోకి వచ్చేది వేర్లు పీల్చిన నీటిది.