జింకలు అందరివి, దారి కొందరిది

అమెరికాలో అడవి జింకకు సొంతదారు ఉండడు. ప్రజల తరఫున రాష్ట్ర ప్రభుత్వమే దాని బాగోగులు చూస్తుంది. కానీ ఆ జింక మేసే నేల ఎవరో ఒకరిది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని 1991 సవరణ కలిసి వేటను దాదాపుగా ఆపేశాయి. అక్కడ లైసెన్సు సులువుగానే దొరుకుతుంది, కాలు పెట్టే చోటే దొరకదు.

టెక్సస్‌లో 95 శాతానికి పైగా భూమి ప్రైవేటుది. అక్కడ జింకల వేటంటే చాలావరకు భూయజమానికి డబ్బు కట్టి భూమిని లీజుకు తీసుకునే వ్యవహారం. అంత పెట్టలేనివాళ్లకు 48 డాలర్ల వార్షిక పర్మిట్‌తో రాష్ట్రం తెరిచే భూములే దిక్కు. పెన్సిల్వేనియాలో అలా కాదు. వేట కోసం కేటాయించిన ప్రభుత్వ భూములే దాదాపు 15 లక్షల ఎకరాలు. లైసెన్సు ఉంటే చాలు, వేరే రుసుము లేదు.

ప్రభుత్వ భూమిలో మంచి జింక దొరకదన్న మాట తరచూ వినిపిస్తుంది. దీని వెనక కారణం ఉంది. 60 కిలోల జింకను లాక్కురావాలి కాబట్టి ఎక్కువమంది రోడ్డుకు దగ్గర్లోనే కాపు కాస్తారు. తుపాకీ మోత మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే జింకలు దట్టమైన పొదల్లోకో, మోత వినపడని పక్క ప్రైవేటు భూమిలోకో జారుకుంటాయి, మేత రాత్రికి మార్చుకుంటాయి. కంచెకు ఇవతల ఖాళీ. అవతల ఆడజింకలు తగ్గక మంద పెరిగి, ఓక్ మొలకల్ని ఎదగనివ్వదు.

అయినా తప్పు ప్రభుత్వ భూమిది కాదనే నా అభిప్రాయం. మగజింక కొమ్ములు పూర్తిగా ఎదగాలంటే అయిదారేళ్లు పడుతుంది. పెన్సిల్వేనియాలో ఒకప్పుడు వేటకు చిక్కిన మగవాటిలో చాలావరకు ఏడాదిన్నర పిల్లలే. 2002లో ఒక పక్క కొమ్ముకు కనీసం 3 కొనలు, కొన్ని ప్రాంతాల్లో 4 ఉంటేనే కాల్చాలన్న నిబంధన వచ్చింది. ఇప్పుడు సగానికి పైగా రెండున్నరేళ్లు దాటినవే. భూమి అదే, వేటగాళ్లూ లక్షల్లోనే.

జాతీయ సర్వే ప్రకారం 1991లో 1.41 కోట్లున్న వేటగాళ్లు 2016కల్లా 1.15 కోట్లకు తగ్గారు. వయసు, పట్నవాసం కూడా కారణాలే, కానీ చోటు లేక మానేసినవాళ్లను తిరిగి రప్పించడం కష్టం. ఇది వన్యప్రాణుల ఖజానా సమస్య కూడా. 1937 ఫెడరల్ చట్టం కింద తుపాకులు, తూటాల పన్ను రాష్ట్రాలకు పంచేటప్పుడు సగం విస్తీర్ణాన్ని బట్టి, సగం లైసెన్సుదారుల సంఖ్యను బట్టి ఇస్తారు.

కాన్సస్ 1995 నుంచి రైతుల భూముల్ని ప్రభుత్వమే లీజుకు తీసుకుని నడిచి వెళ్లి వేటాడేవాళ్లకు తెరుస్తోంది. ఇప్పుడవి 10 లక్షల ఎకరాలు దాటాయి. రద్దీని విడగొట్టడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనిపించదు.

పడమర రాష్ట్రాల్లో చిక్కు మరోలా ఉంది. రైల్వేలకిచ్చిన పాత భూదానాల వల్ల నేల చదరంగం బల్లలా ఉంటుంది: 640 ఎకరాల చదరాలు ఒకటి ప్రభుత్వానిది, ఒకటి ప్రైవేటుది. ప్రభుత్వ చదరాలు మూలల దగ్గర మాత్రమే కలుస్తాయి. 2021లో వయోమింగ్‌లో నలుగురు వేటగాళ్లు ప్రైవేటు నేలను తాకకుండా నిచ్చెనతో మూల దాటారు. భూయజమాని దావా వేశాడు. 2025 మార్చిలో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు వేటగాళ్లకే న్యాయం చేసింది. ఆ కోర్టు కింద ఆరు రాష్ట్రాలున్నాయి. అలాంటి మూలలే ఉన్న మోంటానా వాటిలో లేదు కాబట్టి, ఈ తీర్పు అక్కడ వర్తించదు.