పిల్లల ప్రజ్ఞాలబ్ధి పరీక్షలు: అపోహలు – వాస్తవాలు

పిల్లలకు ప్రజ్ఞా (ఐక్యూ) పరీక్షలు నిర్వహించి నివేదికలు రాయడం నా వృత్తి. పరీక్ష ముగిసి తలుపు తీయగానే తల్లిదండ్రులు అడిగే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎంత వచ్చిందండీ?" అంకె చెప్పడానికి అరనిమిషం చాలు. అది ఎలా వచ్చిందో, దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో చెప్పడానికి మాత్రం ఆ గుమ్మం దగ్గర దొరికే సమయం చాలదు. అందుకే నాకు తరచుగా ఎదురయ్యే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మానసిక వయసును వాస్తవ వయసుతో భాగించి 100తో గుణిస్తే వచ్చేదే ప్రజ్ఞాలబ్ధి.

వాస్తవం: టెట్, డీఎస్సీ పరీక్షలకు చదివిన ఉపాధ్యాయులందరికీ ఈ సూత్రం కంఠస్థమే. చరిత్రగా చూస్తే అది సరైనదే. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సైమన్ తొలి పరీక్షను రూపొందించారు. 1908లో దానిని సవరించి, ఏ వయసు పిల్లలు ఏ ప్రశ్నలకు జవాబు చెప్పగలరో ఆ క్రమంలో అమర్చారు. బిడ్డ ఏ వయసు ప్రశ్నల వరకు జవాబు చెప్పగలిగితే అదే ఆ బిడ్డ మానసిక వయసు. 1912లో జర్మన్ శాస్త్రవేత్త విలియం స్టెర్న్ భాగహారాన్ని ప్రతిపాదిస్తే, 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ దానిని 100తో గుణించి వాడుకలోకి తెచ్చాడు. అయితే ఈ లెక్కలో ఒక లోపం ఉంది. ఐదేళ్ల పిల్లవాడు ఏడాది వెనుకబడితే 80 వస్తుంది, పదేళ్ల పిల్లవాడు అదే ఏడాది వెనుకబడితే 90 వస్తుంది. పెద్దవారి విషయంలో ఈ భాగహారానికి అర్థమే ఉండదు, ఎందుకంటే నలభై ఏళ్ల వ్యక్తి ఇరవై ఏళ్ల వ్యక్తికి రెట్టింపు ప్రశ్నలు సాధించడు.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ వెక్స్‌లర్ 1939లో వెలువరించిన పరీక్షతో పద్ధతి మారింది. ఇప్పుడు చూసేది ఒక బిడ్డ తన వయసు పిల్లల మధ్య ఎక్కడ ఉందన్నదే. ఆ వయసు పిల్లల సగటును 100గా, ప్రమాణ విచలనాన్ని (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలతను) 15గా తీసుకుంటారు. నూటికి 68 మంది 85–115 మధ్య ఉంటారు, 70 కంటే కింద ఉండేది సుమారు ఇద్దరు. కాబట్టి "నూటికి 92 వచ్చింది" అన్న మాటలో అర్థం లేదు, అవి మార్కులు కావు. ఆ 92 కూడా కచ్చితమైన బిందువు కాదు. అదే బిడ్డ మరో రోజు కూర్చుంటే నాలుగైదు అంకెలు అటూ ఇటూ కావడం సహజం. అందుకే బాధ్యతగా రాసిన నివేదికలో అంకెతో పాటు ఒక పరిధి కూడా ఉంటుంది.

మన దేశంలో మరో చిక్కు ఉంది. 1930లలో కన్నడ, మరాఠీ పిల్లల కోసం రూపొందిన బినే–కామత్ పరీక్ష నేటికీ విరివిగా వాడుకలో ఉంది, అది పాత భాగహార పద్ధతినే అనుసరిస్తుంది. నాగపూర్‌లో ఆర్థర్ మాలిన్ 1969లో వెక్స్‌లర్ పరీక్షను భారతీయ పిల్లలకు అనువుగా మార్చిన పద్ధతి వేరు. ఒకదానిలో వచ్చిన 88ని, మరొకదానిలో వచ్చిన 95ని పక్కపక్కన పెట్టి బిడ్డ మెరుగుపడిందని చెప్పడం తప్పు.

అపోహ: తెలివి పుట్టుకతో నిర్ణయమైపోతుంది, మారదు.

వాస్తవం: ఈ పరీక్షను కనిపెట్టినవాడే ఈ మాటను ఖండించాడు. బడిలో వెనుకబడుతున్న పిల్లలను గుర్తించి వారికి తగిన బోధన అందించాలన్నదే బినే ఉద్దేశం. తెలివి పెరగని పరిమాణమని వాదించేవారిని ఆయన 1909లో రాసిన పుస్తకంలో గట్టిగా వ్యతిరేకించాడు.

వంశపారంపర్యం పాత్ర లేదని నేను అనడం లేదు, కవలలపై జరిగిన అధ్యయనాలు దానిని స్పష్టంగానే చూపించాయి. అయితే వంశపారంపర్యంగా రావడం వేరు, మారకపోవడం వేరు. ఎత్తు కూడా చాలావరకు వంశాన్ని బట్టే వస్తుంది, అయినా మంచి తిండి దొరికిన తరం తల్లిదండ్రుల కంటే పొడవు పెరుగుతుంది. న్యూజిలాండ్‌కు చెందిన జేమ్స్ ఫ్లిన్ 1987లో 14 దేశాల సమాచారాన్ని పరిశీలించి, తరం మారేసరికి సగటు స్కోర్లు గణనీయంగా పెరిగాయని నిరూపించాడు. రెండు తరాల మధ్యకాలంలో జన్యువులు అంతగా మారవు. నార్వేలో 1960లలో నిర్బంధ విద్యను ఏడేళ్ల నుంచి తొమ్మిదేళ్లకు పెంచినప్పుడు, అదనంగా చదివిన ప్రతి ఏడాదికి యువకుల స్కోరు మూడు అంకెలకు పైగా పెరిగినట్లు తరువాతి పరిశోధనలో తేలింది. 2018లో ఆరు లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసిన విశ్లేషణ కూడా ఒక ఏడాది చదువు 1 నుంచి 5 అంకెల వరకు పెంచుతుందని చెప్పింది. బడి మానేసిన పిల్ల కోల్పోయేది పాఠాలను మాత్రమే కాదని ఈ ఫలితాలు చెబుతున్నందువల్ల, వాటిని నేను ప్రతి ఉపాధ్యాయ సమావేశంలోనూ ప్రస్తావిస్తాను.

అపోహ: అయితే ఈ పరీక్షలు ఏమీ చెప్పవు.

వాస్తవం: ఇదీ నిజం కాదు. 1932 జూన్ 1న స్కాట్లాండ్‌లో 1921లో పుట్టిన పిల్లల్లో దాదాపు అందరికీ, అంటే 87 వేల మందికి పైగా, ఒకే పరీక్ష పెట్టారు. వారిలో కొందరిని మనస్తత్వ శాస్త్రవేత్త ఇయాన్ డియరీ బృందం దాదాపు ఎనభై ఏళ్ల వయసులో వెతికి పట్టుకుని మళ్లీ అదే పరీక్ష పెట్టినప్పుడు, పదకొండేళ్లనాటి స్కోరుకూ అప్పటి స్కోరుకూ బలమైన సంబంధం కనిపించింది. బాల్యంలో ఎవరికంటే ఎవరు ముందున్నారన్న క్రమం చాలావరకు నిలుస్తుంది. అందరి స్థాయి కలిసి పెరగడానికీ దీనికీ వైరుధ్యం లేదు. అయితే మూడు నాలుగేళ్ల పిల్లల స్కోరుకు ఈ స్థిరత్వం లేదు. ఎల్‌కేజీ ప్రవేశం కోసం ఇలాంటి పరీక్ష అడిగితే నేను నిరాకరిస్తాను.

అపోహ: పరీక్ష ఏ భాషలో పెట్టినా ఫలితం ఒకటే.

వాస్తవం: నేను అన్నింటికంటే ఎక్కువగా పోరాడేది ఈ అపోహతోనే. అంకెలు విని తిరిగి చెప్పే భాగాన్నే తీసుకోండి. ఇంగ్లీషులో ఒకటి నుంచి తొమ్మిది వరకు ఉన్న అంకెలలో 'సెవెన్' తప్ప అన్నీ ఒక్క సిలబుల్‌లో, అంటే ఒక్క ఊపులో పలికేవే. తెలుగులో ఎనిమిది, తొమ్మిది, నాలుగు, ఒకటి అనడానికి మూడు నాలుగు అక్షరాల సమయం పడుతుంది. పలకడానికి ఎక్కువసేపు పట్టే అంకెలు తక్కువగా గుర్తుంటాయని 1980లో వెల్ష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడేవారిపై జరిగిన అధ్యయనం చూపింది. అందువల్ల ప్రశ్నను అనువదించగానే దాని కష్టం మారిపోతుంది, ఇంగ్లీషు పిల్లల ప్రమాణాలతో తెలుగు బిడ్డను కొలవకూడదు. ఇక ఏజెన్సీ ప్రాంతంలో ఇంట్లో కోయ లేదా సవర మాట్లాడే బిడ్డకు తెలుగు కూడా బడిలో నేర్చుకున్న భాషే. మాటలతో పని లేని రావెన్ మాత్రికలు (బొమ్మల వరుసలో ఖాళీకి సరిపోయే బొమ్మను ఎంచుకునే పరీక్ష), సి. ఎం. భాటియా రూపొందించిన చేతి పనుల పరీక్ష కొంతవరకు సాయపడతాయి. కానీ కాగితంపై బొమ్మల వరుసలు చూసే అలవాటు, గడియారం పెట్టి తొందరపెట్టే వాతావరణం కూడా నేర్చుకున్నవే.

అపోహ: 70 కంటే తక్కువ వస్తే బుద్ధిమాంద్యం ఉన్నట్లే.

వాస్తవం: అంకె ఒక్కటే ఎప్పుడూ చాలదు. రోజువారీ జీవనంలో బిడ్డ ఎలా నడుచుకుంటోందో విడిగా అంచనా వేయాలి, దానికి వైన్‌ల్యాండ్ సామాజిక పరిణతి మాపని వంటివి వాడతాము. తనంతట తాను బట్టలు వేసుకుని, కిరాణా కొట్టుకు వెళ్లి చిల్లర లెక్క సరిచూసుకుని, చెల్లెలిని బడికి తీసుకువెళ్లే పదేళ్ల పిల్లకు 66 వచ్చినప్పుడు, నేను మొదట అనుమానించేది పరీక్షనే. వినికిడి, చూపు సరిచూడకుండా ఈ పరీక్ష మొదలుపెట్టనే కూడదు.

అపోహ: చదవడం, రాయడం రాకపోతే తెలివి తక్కువ.

వాస్తవం: డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యం ఉన్న పిల్లల ప్రజ్ఞ సగటులోనూ, అంతకంటే పైనా ఉండవచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యానికి విడిగా నిర్వచనం ఇచ్చింది. బోర్డు మీద ఉన్నది తప్పుల్లేకుండా రాసుకోలేక దెబ్బలు తిన్న పిల్లవాడు నోటితో అడిగితే పాఠమంతా చెప్పడం నేను ఎన్నోసార్లు చూశాను.

అపోహ: వేలిముద్రలను బట్టి బిడ్డ తెలివిని, ఏ కోర్సులో చేరాలో చెప్పవచ్చు.

వాస్తవం: చెప్పలేరు. పుట్టుకతో వచ్చే జన్యు సమస్య అయిన డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో అరచేతి గీతల్లో కొన్ని తేడాలు తరచుగా కనిపించడం నిజమే, కానీ దాని నుంచి సాధారణ బిడ్డకు అబ్బేది గణితమో సంగీతమో తేల్చడానికి ఏ ఆధారమూ లేదు. దానికి వేలకు వేలు చెల్లించవద్దని నన్ను అడిగిన ప్రతి కుటుంబానికీ చెబుతున్నాను.

అపోహ: ముందుగా సాధన చేయిస్తే మంచిది.

వాస్తవం: ఒక తల్లి ఎంతో ప్రేమతో, పరీక్షలో ఇచ్చే రంగు దిమ్మెల నమూనాలను ఎక్కడో సంపాదించి రెండు వారాల పాటు కొడుకు చేత చేయించారు. ఆ భాగంలో అతనికి సగటు కంటే చాలా ఎక్కువ వచ్చింది, మిగిలినవన్నీ తక్కువగా ఉన్నాయి. ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోలేక, వేరే పరీక్షతో మరో రోజు మళ్లీ కూర్చోబెట్టవలసి వచ్చింది. ఆలస్యమైన ఆ నివేదిక ఆ బాబుకు బడిలో ప్రత్యేక బోధన ఇప్పించడానికి అవసరమైనది.