సెన్సార్ సిగ్నల్‌కు ఏ యాంప్లిఫైయర్? డేటాషీట్ మొదటి పేజీతో వచ్చే అపోహలు

ఎలక్ట్రానిక్ కాటాలు చేసేవాళ్లు, పీహెచ్ మీటర్లు చేసేవాళ్లు, ఫైనలియర్ ప్రాజెక్టు పిల్లలు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "సార్, అన్నిటికన్నా తక్కువ నాయిస్ ఉన్న ఐసీ నంబర్ చెప్పండి." నాయిస్ అంటే అసలు సిగ్నల్‌కు తోడయ్యే అనవసరపు ఊగిసలాట; ఐసీ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, అంటే డేటాషీట్, మొదటి పేజీలో దాని నంబర్ ఉంటుంది. ఐసీ నంబర్ చెప్పడానికేం, చెప్పొచ్చు. కానీ నేను ముందు రెండు విషయాలు అడుగుతాను. మీ సెన్సార్ రెసిస్టెన్స్ ఎంత? సిగ్నల్ ఎంత నెమ్మదిగా మారుతుంది? ఈ రెండూ తెలిస్తే సగం ఐసీలు వాటంతటవే పక్కకు పోతాయి.

అపోహ: నానోవోల్టులు ఎంత తక్కువుంటే యాంప్లిఫైయర్ అంత మంచిది.

ఏడీ797 అనే యాంప్లిఫైయర్ ఐసీ తీసుకోండి. రూట్ హెర్ట్జ్‌కు 0.9 నానోవోల్టుల నాయిస్. కాగితం మీద దీన్ని మించినవి తక్కువ. దీన్ని 350 ఓమ్‌ల లోడ్ సెల్‌కు (కాటాలో బరువును వోల్టేజ్‌గా మార్చే సెన్సార్) పెడితే బానే ఉంటుంది. అయితే ఏ రెసిస్టెన్స్ అయినా గది వేడికే కొంత నాయిస్ పుట్టిస్తుంది. 1928లో బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ దీన్ని కొలిచి చూపించాడు, నైక్విస్ట్ లెక్క కట్టాడు. ఆ లెక్కన 350 ఓమ్‌లకు 2.4 నానోవోల్టులు వస్తుంది. అంటే లోడ్ సెల్ నాయిసే 2.4 ఉన్నప్పుడు, యాంప్లిఫైయర్‌ను 0.9 నుంచి ఇంకా కిందికి దించి బాగుపడేది ఏమీ లేదు.

అదే ఏడీ797ని పీహెచ్ ఎలక్ట్రోడ్‌కు తగిలిస్తే అసలు పనే చెయ్యదు. గాజు ఎలక్ట్రోడ్ రెసిస్టెన్స్ 100 మెగాఓమ్‌లు అనుకుందాం. ఈ ఐసీ బయాస్ కరెంట్ (ఇన్‌పుట్ పిన్ గుండా పారే చిన్న కరెంట్) మామూలుగా 250 నానోయాంపియర్లు. రెండూ గుణించండి: 25 వోల్టులు! అంత వోల్టేజ్ సప్లైలోనే ఉండదు. అవుట్‌పుట్ ఒక చివరికి వెళ్లి అతుక్కుపోతుంది, ఎలక్ట్రోడ్‌ను ఏ ద్రావణంలో ముంచినా అదే రీడింగ్.

ఇక్కడ కావాల్సింది ఎల్‌ఎంసీ6001 లాంటిది. నాయిస్ 22 నానోవోల్టులు, అంటే ఏడీ797కి ఇరవై రెట్లకు పైనే. కానీ బయాస్ కరెంట్ గరిష్ఠంగా 25 ఫెమ్టోయాంపియర్లు (ఫెమ్టో అంటే నానోలో పది లక్షో వంతు). దానితో 100 మెగాఓమ్‌ల మీద వచ్చే తప్పు 2.5 మైక్రోవోల్టులు. ఒక పీహెచ్ తేడాకు 25 డిగ్రీల దగ్గర 59 మిల్లీవోల్టులు వస్తుంది కాబట్టి ఆ తప్పు లెక్కలోకే రాదు. ఆ గాజు నాయిసే దాదాపు 1300 నానోవోల్టులు. దాని పక్కన 22 ఎవరికి కనిపిస్తుంది?

ఇంకో మాట. పీహెచ్ బోర్డులో ఐసీ కంటే ఎక్కువ ఏడిపించేది సోల్డరింగ్ తర్వాత మిగిలిన ఫ్లక్స్ జిడ్డు. భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టు మీద వాడే మీటరైతే గాలిలో తేమకు కొదవ ఉండదు. 5 వోల్టుల ట్రాక్ నుంచి ఇన్‌పుట్ పిన్‌కు ఆ జిడ్డు గుండా 10 గిగాఓమ్‌ల దారి ఏర్పడిందంటే 500 పికోయాంపియర్లు (అర నానోయాంపియర్) లీకవుతుంది. 100 మెగాఓమ్‌ల మీద అది 50 మిల్లీవోల్టులు, ముప్పావు పీహెచ్ పైనే తప్పు. బోర్డును ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) శుభ్రంగా కడిగి ఆరబెట్టండి, ఇన్‌పుట్ పిన్ చుట్టూ గార్డ్ రింగ్ (ఇన్‌పుట్ వోల్టేజ్‌లోనే ఉంచే రాగి వలయం) వెయ్యండి. ఈ పని చేయనివాళ్లు ఎంత ఖరీదైన ఐసీ కొన్నా దండగే.

అపోహ: మొదటి పేజీలో ఉన్న నాయిస్ నంబరే నా సర్క్యూట్లో వస్తుంది.

ఆ నంబర్ సాధారణంగా 1 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిచింది. కాటా మీద బస్తా పెట్టాక మనం చూసేది సెకనుకు ఒకటో రెండో మార్పులు. అంత కింద ఫ్లికర్ నాయిస్ (సిగ్నల్ ఎంత నెమ్మదైతే అంత పెరిగే నాయిస్), వేడికి వచ్చే డ్రిఫ్ట్ (రీడింగ్ మెల్లగా జరిగిపోవడం), ఈ రెండిటిదే రాజ్యం. డేటాషీట్లో 0.1 నుంచి 10 హెర్ట్జ్ వరకు అని విడిగా ఇచ్చే పీక్ టు పీక్ (అట్టడుగు నుంచి పైదాకా ఊగిన మేర) నంబర్ చూడండి. ఓపీ27 అనే ఐసీకి అది మామూలుగా 80 నానోవోల్టులు. ఏడీఏ4528 అనే జీరో డ్రిఫ్ట్ రకానికి (లోపలి స్విచింగ్‌తో తన డ్రిఫ్ట్‌ను తానే దిద్దుకునేది) 97. ఇంతవరకు ఓపీ27దే పైచేయి.

ఇప్పుడు గ్యాస్ సిలిండర్ కింద పెట్టే కాటా సంగతి చూద్దాం. 50 కిలోల లోడ్ సెల్, సప్లైలో ప్రతి వోల్టుకు 2 మిల్లీవోల్టులు, 5 వోల్టుల సప్లై. పూర్తి బరువుకు 10 మిల్లీవోల్టులు, అంటే గ్రాముకు 0.2 మైక్రోవోల్టులు. ఓపీ27 జీ (G) గ్రేడ్ డ్రిఫ్ట్ గరిష్ఠంగా డిగ్రీకి 1.8 మైక్రోవోల్టులు. అంటే వంటింట్లో ఒక్క డిగ్రీ పెరిగితే 9 గ్రాములు తేడా రావచ్చు. పొద్దుటికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీలు మారితే 90 గ్రాములు! ఏడీఏ4528కి డిగ్రీకి గరిష్ఠంగా 0.015 మైక్రోవోల్టులే. ఖాళీ కాటా మీద జీరో నొక్కితే సరిపోతుంది కదా అంటారు. కిరాణా కొట్టు కాటాకైతే సరిపోతుంది. సిలిండర్ వారాల తరబడి దాని మీదే కూర్చుంటుంది, జీరో ఎప్పుడు నొక్కుతారు?

ఓపీ27లోనే 'ఈ' (E) గ్రేడ్ అయితే డిగ్రీకి గరిష్ఠం 0.6 మైక్రోవోల్టులు. పేరు చివరి అక్షరం చూడకుండా ఆర్డర్ పెట్టకండి. అలాగని జీరో డ్రిఫ్ట్ రకాన్ని తీసుకెళ్లి పీహెచ్ ఎలక్ట్రోడ్‌కు పెట్టొద్దు. లోపల స్విచింగ్ వల్ల ఇన్‌పుట్ దగ్గర చిన్న చిన్న కరెంట్ పల్సులు వస్తుంటాయి, మెగాఓమ్‌ల మీద అవే పెద్ద తప్పులవుతాయి.

అపోహ: 24 బిట్ల ఏడీసీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే ఐసీ) ఉంటే ఇదంతా పట్టించుకోనక్కర్లేదు.

అందరి చేతిలో ఉండే హెచ్‌ఎక్స్711 అనే ఏడీసీనే చూడండి. గెయిన్ (సిగ్నల్‌ను పెంచే రెట్లు) 128 దగ్గర దాని రేంజ్ ప్లస్ మైనస్ 20 మిల్లీవోల్టులు, కాబట్టి ఒక మెట్టు సుమారు 2.4 నానోవోల్టులు. దాని సొంత నాయిస్, సెకనుకు 10 రీడింగుల దగ్గర, 50 నానోవోల్టుల ఆర్‌ఎంఎస్ (ఊగిసలాటకు ఒక రకం సగటు). కింది నాలుగు బిట్లకు పైగా ఉత్త గోలే. పై సిలిండర్ కాటాలో ఈ నాయిస్ పావు గ్రాము ఆర్‌ఎంఎస్, పీక్ టు పీక్ గ్రామున్నర దాకా. 5 గ్రాముల డివిజన్‌కు నిక్షేపంగా సరిపోతుంది, దానికి ముందు ఇంకో యాంప్లిఫైయర్ పెట్టడం అనవసరం. సగటు తీస్తే ఈ గోల తగ్గుతుంది కానీ డ్రిఫ్ట్ మాత్రం వెయ్యి రీడింగుల సగటు తీసినా కదలదు.

అపోహ: రీడింగ్ ఆడుతోందంటే ఐసీ బాగాలేదు.

ఐసీ మార్చే ముందు రెండు ఇన్‌పుట్లనూ బోర్డు దగ్గరే కలిపి, ఆ కలిపిన చోటును సప్లైలో సగం వోల్టేజీకి కట్టి చూడండి. గోల ఆగిపోయిందా, ఐసీ మంచిదే. తర్వాత సెన్సార్ బదులు అంతే విలువున్న రెసిస్టర్ పెట్టి చూడండి. అప్పుడూ ప్రశాంతంగా ఉంటే దోషం కేబుల్‌దో, గ్రౌండింగ్‌దో, పక్కన ఉన్న మోటార్‌దో. స్కోప్‌లో 20 మిల్లీసెకన్లకొకసారి అదే ఆకారం తిరిగొస్తుంటే అది కరెంటు లైన్ 50 హెర్ట్జ్, ఏ ఐసీ కొన్నా పోదు. జంట తీగలు మెలిపెట్టి, షీల్డును ఒక్క చివరే గ్రౌండ్ చెయ్యండి. ఫ్యాన్ వేసినప్పుడే రీడింగ్ ఊగుతుంటే ఇన్‌పుట్ సోల్డర్ జాయింట్ల మీద గాలి తగులుతోందని అనుమానించండి. వేర్వేరు లోహాలు కలిసే చోట ఒక్క డిగ్రీ తేడాకే మైక్రోవోల్టులు పుడతాయి. బోర్డు మీద చిన్న మూత పెట్టి చూడండి, తెలిసిపోతుంది.

కాటా పక్కన మొబైల్ మోగితే అంకెలు ఎగురుతుంటాయి. దానికి ఇన్‌పుట్‌లో ఆర్సీ ఫిల్టర్ (రెసిస్టర్, కెపాసిటర్ జత) కావాలి. కానీ చాలా బోర్డుల్లో 10 కిలోఓమ్‌ల రెసిస్టర్లు కనిపిస్తాయి, ఒక్కొక్కటి 13 నానోవోల్టుల నాయిస్ కలుపుతుంది. 3 నానోవోల్టుల ఐసీకి పెట్టిన డబ్బంతా అక్కడే పోయింది. 100 ఓమ్‌లు పెడితే 1.3 మాత్రమే. రెసిస్టర్ తగ్గించినంత మేర కెపాసిటర్ పెంచుకోండి. రెండు ఇన్‌పుట్ల మధ్య వేసే కెపాసిటర్, గ్రౌండ్‌కు వేసేవాటికి కనీసం పది రెట్లు ఉండేలా చూసుకోండి, లేదంటే గ్రౌండ్‌కు వేసిన ఆ రెండు కెపాసిటర్ల విలువల్లో తేడాలే 50 హెర్ట్జ్‌ను సిగ్నల్‌గా మార్చేస్తాయి.